మస్క్ ఆక్స్ ఫొటోలకు వెళ్తున్న నీకు

చిరంజీవి సుధకు,

పెదనాన్న ఆశీస్సులు. మార్చిలో మస్క్ ఆక్స్ ఫొటోలు తీయడానికి నార్వేలోని డోవ్రెఫ్యెల్ కొండలకు వెళ్తున్నావని తెలిసి సంతోషించాను. ఏ లెన్స్ కొనాలని అడిగావు. ముందు మంచు ప్రాంతాల్లో బతికే, జూలు ఎద్దులా కనబడే ఆ జంతువు సంగతి విను, లెన్స్ సంగతి దాంట్లోంచే తేలుతుంది.

నువ్వు చూసేసరికి అది కదలకుండా నిలబడో పడుకునో ఉంటుంది. బద్ధకమనుకోకు, అదంతా పొదుపు. గాలికి మంచు కొట్టుకుపోయిన గట్ల మీద మిగిలిన ఎండుగడ్డే దాని చలికాలపు మేత. అది చాలదు కాబట్టి వేసవిలో ఒంటికి పట్టించుకున్న కొవ్వును కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ వసంతం దాకా నెట్టుకొస్తుంది. పైగా మార్చిలో చాలా ఆడవి కడుపుతో ఉంటాయి, ఏప్రిల్, మేల్లో ఈనుతాయి. నువ్వు దగ్గరికెళ్లి దాన్ని పరిగెత్తిస్తే ఆ కొవ్వే ఖర్చవుతుంది.

చలిని మాత్రం అది లెక్కచేయదు. పైన కాళ్ల దాకా వేలాడే జూలు, లోపల గొర్రె ఉన్ని కంటే ఎంతో వెచ్చనైన మెత్తటి ఉన్ని. పేరులో ఎద్దు (ఆక్స్) ఉన్నా అది గొర్రెలకూ మేకలకూనే దగ్గరి చుట్టం.

తోడేళ్లొస్తే మంద పారిపోదు. దూడల్ని వెనక్కి పెట్టుకుని, కొమ్ములు ముందుకు పెట్టి నిలబడుతుంది. తుపాకీ ముందు అదే దానికి చేటయింది. అలాస్కాలో 19వ శతాబ్దంలోనే తుడిచిపెట్టుకుపోయాయి. డోవ్రెఫ్యెల్‌కు 1932లో గ్రీన్‌లాండ్ నుంచి తెచ్చినవి కూడా రెండో ప్రపంచయుద్ధ కాలంలో పోయాయి. 1947 నుంచి మళ్లీ తెచ్చిన వాటి సంతతే నీకు కనబడబోయేది.

నిలబడి ఎదుర్కోవడం దాని స్వభావం కాబట్టి, కదలడం లేదు కదా అని ముందుకెళ్లకు. అక్కడ పాటించాల్సిన దూరం కనీసం 200 మీటర్లు. మేత ఆపి నీవైపే చూస్తున్నా, బుసకొట్టినా, తల వంచి ముక్కును ముందుకాలికి రుద్దుకున్నా చిరాకు పడిందన్నమాట. టెన్షన్ పడి పరుగు తీయకు, మెల్లగా వెనక్కి రా. గంటకు 60 కిలోమీటర్ల దాకా పరిగెత్తగలదు, నీవల్ల కాదు. దారిలోనే నిలబడి ఉంటే దూరంగా చుట్టు తిరిగి వెళ్లు. మందకు రెండు వైపులా మనుషులు చేరకుండా అందరూ ఒకే చోట ఉండండి. గైడ్ ఉంటే మరీ మంచిది.

అంత దూరం నుంచి తీయాలి కాబట్టి 400 ఎం.ఎం.కు తక్కువ లెన్స్ వద్దు. అద్దెకు తీసుకో, కొనక్కర్లేదు. చలికి బ్యాటరీలు త్వరగా దిగిపోతాయి, అదనపువి కోటు లోపలి జేబులో పెట్టుకో.

ఇట్లు,
మీ పెదనాన్న