అమెరికా శాస్త్ర పరిశోధనలో ఎందుకు వెనకబడుతోంది? నిధులు తగ్గడమే కారణమా?

ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి, చెప్పకుండా వదిలిన మూడోది కూడా ఉంది: అమెరికా నిజంగానే వెనకబడుతోందా, అందుకు డబ్బు కొరతే కారణమా, ఇక మన పిల్లలు అక్కడికి వెళ్లడం దండగేనా అని. నేను రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తిచేసి, 2004 నుంచి ఆరేళ్లపాటు అమెరికాలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పోస్ట్‌డాక్‌గా (పీహెచ్‌డీ తరువాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం), ఆ తరువాత ప్రయోగశాల ఉద్యోగిగా పనిచేశాను. 2010లో బెంగళూరుకు వచ్చి ఇక్కడే ఒక పరిశోధన సంస్థలో స్థిరపడ్డాను. నేను చెప్పేది ప్రధానంగా రసాయన, జీవశాస్త్రాల వైపు నుంచి చూసినదని గమనించగలరు.

మొదటి ముక్కకు జవాబు చిన్నదే. పరిశోధన పత్రాల సంఖ్యలో 2016 నాటికే చైనా అమెరికాను దాటిందని అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ లెక్కలే చెప్పాయి. పత్రాలకు నగదు బహుమతులు ఇచ్చే పద్ధతి చైనాలో చాలాకాలం నడిచింది కనుక (2020లో అక్కడి ప్రభుత్వమే దాన్ని వద్దంది) ఆ అంకె ఒక్కదాన్నే నమ్మనక్కరలేదు. అయితే ఎక్కువమంది ఉదాహరించే పత్రాల్లోనూ చైనా ముందుకు వచ్చింది. కాబట్టి అమెరికా కూలిపోలేదు గానీ, మునుపటిలా ఒంటరిగా ముందు లేదు. మిగతావాళ్లు ఎదగడం ఇందులో ఒక భాగం, దాన్ని తప్పు అనలేము. రెండో భాగం స్వయంకృతం.

ఆ స్వయంకృతాన్ని అందరూ "నిధులు తగ్గించారు" అన్న ఒక్క మాటతో తేల్చేస్తారు. 1960ల నడుమ, చంద్రుడి మీదికి మనుషులను పంపే సన్నాహాల రోజుల్లో, పరిశోధనకు అక్కడి కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఖర్చు జాతీయోత్పత్తిలో 2 శాతానికి చేరువగా ఉండేది, ఇప్పుడది 1 శాతం కంటే బాగా తక్కువ. మాట నిజమే. కానీ నేను కళ్లారా చూసిన నష్టం డబ్బు తక్కువ కావడం వల్ల కంటే, అది ఎప్పుడు వస్తుందో ఎప్పుడు ఆగుతుందో తెలియకపోవడం వల్ల జరిగింది.

నేను వెళ్లిన సమయమే చూడండి. వైద్య పరిశోధనకు నిధులిచ్చే జాతీయ ఆరోగ్య సంస్థల బడ్జెట్‌ను 1998 నుంచి 2003 వరకు అయిదేళ్లలో రెట్టింపు చేశారు. విశ్వవిద్యాలయాలు అప్పులు చేసి కొత్త భవనాలు కట్టాయి, ఆచార్యులను తీసుకున్నాయి, పీహెచ్‌డీ సీట్లు పెంచాయి. 2004 నుంచి ఆ బడ్జెట్ ధరల పెరుగుదలను కూడా అందుకోలేక దాదాపు పదేళ్లు చతికిలబడింది. మా అనంతపురం వైపు చెరువు ఒక ఏడు పొంగి ఆపై వరుసగా ఎండితే, పొంగిన ఏడు ఆయకట్టు పెంచుకున్న రైతే ముందుగా మునుగుతాడు. అక్కడ జరిగిందీ అదే. అంతకుముందు గ్రాంటు కోసం, అంటే ఒక పరిశోధనకు కేటాయించే నిధుల కోసం, పెట్టిన మూడు దరఖాస్తుల్లో ఒకటి నెగ్గేది, నేను తిరిగి వచ్చిన కొన్నేళ్లకు అయిదింటిలో ఒకటి నెగ్గడం కూడా కష్టమైంది. ఒక పరిశోధకుడు తన పేరు మీద మొదటి పెద్ద గ్రాంటు అందుకునే సగటు వయసు నలభై దాటింది. నలభై ఏళ్లకు గానీ సొంత ఆలోచన మీద పనిచేసే అవకాశం రానివాడు, రాగానే సాహసం చేస్తాడని ఎలా అనుకుంటాం? నెగ్గుతుందని తెలిసిన పాత ప్రయోగానికే కొత్త అంచు కుట్టి పంపుతాడు. నేనూ అలాంటి దరఖాస్తులు రాయడంలో సాయం చేశాను, కాబట్టి ఇది చాడీ కాదు.

అక్కడ చూసిన ఒక మనిషి గురించి చెప్పాలి. మా విభాగంలో గాజు సామాను చేసిపెట్టే గ్లాస్ బ్లోయర్ ఒకాయన ఉండేవారు. గాలి తగలకూడని రసాయనాలతో పని కనుక, మా వాక్యూమ్ లైన్ (లోపలి గాలిని తీసేసే గొట్టాల అమరిక) అంతా ఆయన చేతి గాజే. ఆవిరులను చల్లబరిచి పట్టే కోల్డ్ ట్రాప్ బీటలిస్తే పొద్దున పట్టుకెళ్లేవాడిని. వేడెక్కిన గాజు వెలువరించే పసుపు వెలుగును అడ్డుకునే ఊదారంగు కళ్లద్దాలు పెట్టుకుని, ఆక్సిజన్ మంట ముందు ఆ గొట్టాన్ని రెండు చేతులా తిప్పుతూ, నోట్లో పెట్టుకున్న రబ్బరు గొట్టంతో కొద్దికొద్దిగా ఊదుతూ అతికేవారు. ఆ రాత్రంతా కొలిమిలో మెల్లగా చల్లార్చి, మర్నాడు లోపల ఒత్తిడి మిగిలిందేమో పోలరైజ్డ్ వెలుతురులో చూసి ఇచ్చేవారు. చాలాసార్లు "ఈ ఆకారం వద్దు, ఇలా చేస్తే నీ ప్రయోగం సగం రోజులో అవుతుంది" అని గీసి చూపించేవారు. 2008లో ఆయన పదవీ విరమణ చేశారు. ఆ జీతం గ్రాంట్ల మీది నిర్వహణ వాటా (భవనాలు, సిబ్బంది వంటి ఉమ్మడి ఖర్చులకు విశ్వవిద్యాలయానికి అందే భాగం) నుంచి వచ్చేది. గ్రాంట్లు సన్నగిల్లాయి కనుక ఆ ఉద్యోగాన్ని మళ్లీ భర్తీ చేయలేదు. అటుతరువాత విరిగిన ట్రాప్‌ను బయటి కంపెనీకి పంపితే ఏడు వారాలు పట్టింది, వచ్చింది కూడా అడిగిన కొలతకు రాలేదు. ఏ గణాంకంలోనూ కనిపించని నష్టమిది. ఆయన స్థానంలో శిష్యుడెవరూ లేనందువల్ల, మూడేళ్ల తరువాత డబ్బు వచ్చినా ఆ చేయి తిరిగి రాలేదు.

పెద్ద పనుల్లోనూ ఇదే తంతు. టెక్సాస్‌లో 87 కిలోమీటర్ల చుట్టుకొలతతో కడుతున్న, సూక్ష్మ కణాలను అతివేగంగా ఢీకొట్టించే కణత్వరణ యంత్రాన్ని, సుమారు 200 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి, 20 కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్విన తరువాత, 1993లో వారి పార్లమెంటు రద్దు చేసింది. అలాంటి యంత్రాలతో వెతుకుతున్న హిగ్స్ కణం 2012లో జెనీవా దగ్గర, యూరప్ దేశాల ప్రయోగశాల సెర్న్‌లో, 27 కిలోమీటర్ల యంత్రంలో దొరికింది. దీనికి ఎదురు ఉదాహరణ కూడా అమెరికాదే. గురుత్వ తరంగాలను (భారీ ఖగోళ ఘటనల్లో పుట్టి విశ్వంలో వ్యాపించే అలలు) పట్టే లైగో పరికరాలకు అదే ప్రభుత్వం దశాబ్దాలపాటు, ఫలితం ఒక్కటీ కనబడకపోయినా, నిధులు ఆపలేదు. 2015 సెప్టెంబరు 14న తొలి సంకేతం అందింది, 2017లో నోబెల్ వచ్చింది. ఓపిక పట్టినచోట వాళ్లను మించినవాళ్లు ఇప్పటికీ తక్కువే.

కంపెనీల ప్రయోగశాలలు సన్నబడటం ఇంకో కారణం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకు హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు, 1940లో లెడర్లే అనే మందుల కంపెనీ పిలిచి ప్రయోగశాలను ఆయన చేతిలో పెట్టింది. ఫోలిక్ ఆమ్లమనే విటమిన్ తయారీ, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్, యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ వంటివి అక్కడి బృందాల నుంచే వచ్చాయి. 1947లో ట్రాన్సిస్టర్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌ను పోషించింది ఏటీ అండ్ టీ కంపెనీ టెలిఫోన్ గుత్తాధిపత్యపు లాభం. 1984లో ఆ కంపెనీని ముక్కలు చేశాక అంత తీరుబడి క్రమంగా పోయింది. గుత్తాధిపత్యం మంచిదని నా ఉద్దేశం కాదు, దాని నీడలో పెరిగిన చెట్టుకు బదులు మరో నీడ ఎవరూ వేయలేదు, అంతే.

2025 సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే అది మెల్లగా జరిగిన క్షీణత కాదు. అక్కడి ప్రభుత్వం నడుస్తున్న గ్రాంట్లను మధ్యలో రద్దు చేసింది. నిర్వహణ వాటాను 15 శాతానికి కుదిస్తామని ఫిబ్రవరిలో ప్రకటిస్తే కోర్టులు అడ్డుకున్నాయి. సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు. బయటి దేశాల పిల్లల మీద అంతగా ఆధారపడిన వ్యవస్థ తన తలుపు తానే మూసుకోవడం నాకైతే అర్థం కాలేదు.

మనం మురిసిపోవడానికి ఇందులో ఏమీ లేదు. పరిశోధన మీద మన దేశం పెట్టేది జాతీయోత్పత్తిలో 1 శాతం కూడా కాదు, నా విద్యార్థి ఒకరికి నిరుడు ఎనిమిది నెలలు ఫెలోషిప్ అందక, బెంగళూరు మత్తికెరెలో అద్దె కట్టడానికి సాయంత్రాలు ట్యూషన్లు చెప్పాడు.

ఇక మూడో ముక్క. పదేళ్ల క్రితం నా దగ్గరికి సిఫారసు లేఖలకు వచ్చే పిల్లల జాబితాలో అన్నీ అమెరికా పేర్లే ఉండేవి. ఇప్పుడు జర్మనీ, నెదర్లాండ్స్, సింగపూర్, జపాన్ సగం చోటు తీసుకున్నాయి. కర్నూలు నుంచి వచ్చిన ఒక అమ్మాయి మొన్న నవంబరులో "సర్, అమెరికాకు అసలు రాయనా, మాననా?" అని అడిగింది. దేశాన్ని కాదు, ప్రయోగశాలను చూడమన్నాను. గ్రాంటు ఇంకా ఎన్నేళ్లుంది, ల్యాబ్ టెక్నీషియన్ అక్కడ ఎన్నేళ్లుగా ఉన్నారు, గత అయిదేళ్లలో ఎంతమంది మధ్యలో వెళ్లిపోయారు, ఈ మూడూ రాసి అడగమన్నాను. ఆరుగురికి రాసింది, నలుగురు జవాబిచ్చారు. ఇద్దరు అమెరికా వాళ్లు తమ గ్రాంటు వచ్చే ఏడాది ఉంటుందో లేదో చెప్పలేమని నిజాయితీగా ఒప్పుకున్నారు. నెదర్లాండ్స్ ఆచార్యుడు, నాలుగేళ్ల జీతం ముందే కేటాయించి ఉందని, తమ టెక్నీషియన్ చేరి పందొమ్మిదేళ్లయిందని రాశాడు. ఆ అమ్మాయి అక్కడికే వెళ్తోంది.