ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద పరుగెత్తేవారు ఏ పక్కన ఉండాలి?

ఫుట్‌పాత్ లేని చోట రోడ్డు కుడి అంచున, ఎదురుగా వచ్చే వాహనాలను చూస్తూ పరుగెత్తాలి. మన దేశంలో వాహనాలు ఎడమవైపు నడుస్తాయి కనుక ఎడమ అంచున పరుగెత్తే వ్యక్తికి బండి వెనుకనుంచి వస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు కాబట్టి, హారన్ విని తిరిగి చూసేలోపే అది దగ్గరకు వచ్చేస్తుంది. కుడివైపున ఉంటే అదే బండి ముందుగా కనబడి, మట్టి అంచుకు దిగేందుకు వ్యవధి దొరుకుతుంది.

వరికోతల రోజుల్లో హసన్‌పర్తి పరిసరాల పల్లె రోడ్ల మీద సగం మేర వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయనుకుందాం. వాటిని తప్పించడానికి డ్రైవర్లు అవతలి పక్కకు జరుగుతారు కనుక, అక్కడ పరుగు ఆపి, బండి పోయాక నడిచి దాటాలి. వడ్ల మీద కాలు పెట్టకూడదని వేరే చెప్పనక్కరలేదు.

‘ఎడమవైపే వెళ్లాలి’ అన్న నియమం అందరికీ వర్తిస్తుందని చాలామంది పొరబడతారు. అది వాహనాలకు సంబంధించినది. అయితే కుడివైపుకు తిరిగే గుడ్డి మలుపులో లోపలి అంచున ఉన్న మనిషి ఎదుటి డ్రైవరుకు కనబడడు కాబట్టి, మలుపుకు ముందే రెండు వైపులా చూసి ఎడమ అంచుకు దాటాలి. రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు మాత్రం కుడి అంచున కూడా వెనుకనుంచే వస్తాయి కనుక చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉండకూడదు.