ఆట కబుర్లు: ఆ పన్నెండు డ్రాల సంగతి

మీకు మర్చిపోలేని సీజన్ ఏదని పోయిన సంచికలో అడిగాం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో క్రికెట్టే ఉంటుందనుకుంటే, విప్పిన కవరల్లా ఫుట్‌బాలే. అన్నీ వేయడానికి చోటు లేదు. కొన్ని ఇవి.

సార్, మాది కావలి. 2003-04లో ఆర్సెనల్ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా టైటిల్ కొట్టినప్పుడు నేను జవహర్ భారతిలో డిగ్రీ. ఇప్పుడు మావాడు ఇంటర్, మాంచెస్టర్ సిటీ ఫ్యాన్. "38 మ్యాచుల్లో 12 డ్రాలు, 90 పాయింట్లు. అదేం గొప్ప నాన్నా, మావాళ్లు 2017-18లో 100 కొట్టారు" అంటాడు. వాడి నోరు ఎలా మూయించాలి?

మూయించలేరు, ఆశ వదులుకోండి. లెక్కలో వాడిదే రైటు. సిటీ ఆ ఏడాది 32 మ్యాచులు గెలిచింది, 106 గోల్స్ కొట్టింది, ఓడింది రెండే. పాయింట్ల పట్టిక ముందేసుకుని వాదనకి దిగితే వాడు మిమ్మల్ని కూర్చోబెట్టి ఉతుకుతాడు.

మీరు పట్టుకోవాల్సింది వాడు ఎగతాళి చేసే ఆ డ్రాలనే. అసలు టైటిల్ ఖాయమైంది కూడా డ్రాతోనే కదా! 2004 ఏప్రిల్ 25, ఆదివారం, అదీ బద్ధ శత్రువు టాటెన్‌హామ్ గడ్డ మీద. 2-0తో ముందుండి, చివరి క్షణాల్లో కీపర్ లేమన్ అనవసరంగా రాబీ కీన్‌ని తోసి పెనాల్టీ ఇచ్చి, 2-2 చేసుకుని మరీ ఛాంపియన్లయ్యారు. ఇక మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 2003 సెప్టెంబర్ 21 నాటి 0-0 సంగతి చెప్పండి వాడికి. ఆర్సెనల్ కెప్టెన్ వియెరాకి రెడ్ కార్డ్, ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా యునైటెడ్‌కి పెనాల్టీ, వాన్ నిస్టెల్‌రాయ్ బలంగా తన్నాడు, బంతి పైబార్‌కి కొట్టుకుని వెనక్కి వచ్చింది. విజిల్ పడగానే ఆర్సెనల్ డిఫెండర్ మార్టిన్ కీవన్ గాల్లోకి ఎగిరి రెండు చేతులూ పైకెత్తి నిస్టెల్‌రాయ్ మీదకి దూకుతున్న ఫొటో మీ రూము గోడ మీద ఉండే ఉంటుంది. ఆ బంతి బెత్తెడు కిందకి వెళ్లుంటే 'ఓటమి లేని సీజన్' సెప్టెంబర్‌లోనే అయిపోయేది. పోర్ట్స్‌మత్ మీద ఆర్సెనల్ ఆటగాడు పిరెస్ పడిపోయి సంపాదించిన పెనాల్టీ ఇంకో కథ, దాని గురించి ఇప్పటికీ గొడవే. మీరు ఆ గొడవలోకి వెళ్లకండి, మనకి లాభం లేదు.

నన్నడిగితే ఆ సీజన్ మొత్తానికి గుండెకాయ ఏప్రిల్ మొదటి వారం, అంటే వాళ్లు (లీగ్‌లో కాదు, వేరే టోర్నీల్లో) ఓడిన వారం. 3వ తేదీన ఎఫ్ఏ కప్ సెమీస్‌లో యునైటెడ్ చేతిలో పోయారు. 6న యూరప్ క్లబ్బుల టోర్నీ ఛాంపియన్స్ లీగ్‌లో చెల్సీ, మ్యాచ్ ముగుస్తుండగా వేన్ బ్రిడ్జ్ గోల్, ఇంటికి. (మనకీ అదే వారం లాహోర్ టెస్టులో తన్నులు పడ్డాయి, ముల్తాన్‌లో సెహ్వాగ్ కొట్టిన 309 మత్తు అంతటితో దిగింది.) మూడు రోజులు తిరక్కుండా 9న, గుడ్ ఫ్రైడే నాడు సొంత మైదానం హైబరీలో లివర్‌పూల్‌తో మ్యాచ్. సగం ఆటకి 2-1తో వెనక. లీగ్ కూడా పోయినట్టే అని ఎంతమంది టీవీ కట్టేశారో! సెకండాఫ్ మొదట్లోనే పిరెస్ సమం చేశాడు, వెంటనే ఆర్సెనల్ స్ట్రైకర్ ఆన్రీ మధ్యగీత దగ్గర బంతి అందుకుని, హమన్‌ని దాటి, అడ్డొచ్చిన క్యారగర్‌ని తికమక పెట్టి (పాపం అతను సొంత టీమ్ ఆటగాణ్ణే గుద్దుకున్నాడు), తాపీగా మూలకి తోశాడు. చివరికి 4-2, ఆన్రీకి హ్యాట్రిక్. మీవాడికి పట్టిక చూపించకండి, ఆ సెకండాఫ్ చూపించండి. ముందు వారం ఏం జరిగిందో చెప్పి చూపించండి, లేకపోతే అదొక మామూలు 4-2 అనుకుంటాడు.

ఆఖరి మ్యాచ్ మే 15న. ముందురోజే వై.ఎస్. ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు, రాష్ట్రమంతా ఆ కబుర్లే, టీ కొట్లో ఆర్సెనల్ అంటే వినే నాథుడు ఉండి ఉండడు. అప్పటికే రెండో డివిజన్‌కి జారిపోయిన లెస్టర్ మొదట గోల్ కొట్టింది, కొట్టింది ఎవరయ్యా అంటే ఒకప్పుడు ఆర్సెనల్‌కే ఆడిన డికోవ్. ఆన్రీ పెనాల్టీ, వియెరా గోల్‌తో 2-1గా గట్టెక్కారు. ఇప్పుడు మనకి హాయిగా గుర్తొస్తుంది గానీ ఆ సీజన్ ఉన్నన్నాళ్లూ టెన్షనే. మీవాడికి అది అర్థం కావాలంటే వాడి టీమ్ కూడా ఒకసారి అలా ఏడిపించాలి, అంతే.

మాది ఒంగోలు. నేను లివర్‌పూల్ ఫ్యాన్‌ని. కానీ 2015-16లో లెస్టర్ గెలిచిన సీజన్ గుర్తొస్తే మా టీమ్ గెలిచినంత సంతోషం. ఇది ద్రోహమా?

కాదులెండి. సీజన్‌కి ముందు పందెం కంపెనీలు లెస్టర్ మీద ఒకటికి 5,000 ఇస్తామన్నాయి, అంటే వాళ్ల లెక్కలో అది జరగని పని. వాళ్లు 81 పాయింట్లతో గెలిచారు. పైగా మీ లెక్క సరిపోయింది కూడా: ఆ ఏడాది లెస్టర్ ఓడిన మూడు మ్యాచుల్లో రెండు ఆర్సెనల్‌తో, మూడోది బాక్సింగ్ డే (డిసెంబర్ 26) నాడు మీ లివర్‌పూల్‌తోనే. టైటిల్ వచ్చిన రోజు, 2016 మే 2న, లెస్టర్‌కి అసలు మ్యాచే లేదు. వెనకే తరుముకొస్తున్న టాటెన్‌హామ్‌ని చెల్సీ 2-2తో ఆపితే వీళ్లు ఛాంపియన్లు. ఆటగాళ్లంతా తమ స్ట్రైకర్ వార్డీ ఇంట్లో చేరి, మనలాగే టీవీ ముందు అరుచుకుంటూ చూశారు. ఏడాది తిరక్కముందే కోచ్ రనియెరిని పంపించేశారు, 2023లో టీమ్ రెండో డివిజన్‌కి జారిపోయింది. ఆ బాధలు పడాల్సింది అసలు ఫ్యాన్లు, మీకు ఒక్క మంచి ఏడాదే మిగిలింది. ఉంచేసుకోండి.

సార్, నెల్లూరు మాగుంట లేఅవుట్ నుంచి రాస్తున్నా. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన రాత్రి మా మేడ మీద బాణాసంచా కాల్చాం. కానీ గచ్చిబౌలి వెళ్లి ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. మా కజిన్ హైదరాబాద్‌లో ఉంటాడు, "టీవీలో చూసినోడికి ఆ సీజన్ మీద ఏం హక్కు?" అంటాడు.

మీ కజిన్‌ని ఒక్క మాట అడగండి: ఆ సీజన్ నువ్వెక్కడ చూశావురా అని. కరోనా వల్ల 2021-22 మ్యాచులన్నీ గోవాలోనే, ఖాళీ స్టాండ్ల ముందు జరిగాయి. గచ్చిబౌలిలో ఒక్కటీ లేదు. హైదరాబాద్‌లో ఉన్నోడూ టీవీలోనే, నెల్లూరులో ఉన్నోడూ టీవీలోనే. ఆ ఒక్క ఏడాది మాత్రం అందరిదీ ఒకే టికెట్టు.

ఫైనల్‌కి మాత్రం జనాన్ని రానిచ్చారు. మార్చి 20, ఫతోర్డా స్టేడియం, ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్. ఎటు చూసినా పసుపు (రెండు జట్ల రంగూ అదే), అందులో ఎక్కువమంది కేరళ వాళ్లే. రాహుల్ గోల్‌తో కేరళ ముందుకెళ్లింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా బాక్స్ బయట నుంచి బంతి నేలకి తగలనివ్వకుండా కొట్టిన కొట్టుడికి స్కోర్ సమమైంది. ఆ తర్వాత పెనాల్టీలు. కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. గోవా ఆటగాడు గోవాలోనే మన హైదరాబాద్‌ని గెలిపించాడు. ఆ సీజన్‌లో ఒగ్బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. కోచ్ మనోలో మార్కెజ్ గొంతు పెంచి మాట్లాడటం నేనైతే చూసిన గుర్తు లేదు.

తర్వాతేడాది రెండో స్థానం. ఆపైన డబ్బు కష్టాలు, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోవడం, అట్టడుగు స్థానం, చివరికి 2025లో జట్టునే ఢిల్లీకి తరలించి పేరు మార్చేశారు. ఇంగ్లండ్‌లో ఎంత చెత్తగా ఆడినా వచ్చే శనివారం ఇంకో మ్యాచ్ ఉంటుంది, తిట్టుకోవడానికైనా. మనకి తిట్టుకోవడానికి కూడా టీమ్ లేకుండా చేశారు. నాకు దీని మీద కోపం ఇంకా తగ్గలేదు. ఆ పసుపు జెర్సీ ఉంటే ఎవరికీ ఇవ్వకండి, మీ కజిన్‌కి అసలే ఇవ్వకండి.

అయ్యా, సింగరాయకొండ నుంచి. నాకు డెబ్బై దాటాయి. మా నాన్నగారు పోలీసు శాఖలో చేసేవారు. హైదరాబాద్ పోలీస్ టీమ్, రహీం సాబ్ అంటూ కథలు కథలుగా చెప్పేవారు. అవన్నీ నిజమేనా, పెంచి చెప్పారా?

పెంచాల్సిన అవసరం లేదు పెద్దాయనా. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు బొంబాయిలో జరిగే ఫుట్‌బాల్ టోర్నీ రోవర్స్ కప్‌ని వరుసగా ఐదేళ్లు గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ కప్ కూడా. ఆ టీమ్‌ని తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం తర్వాత దేశానికి కోచ్ అయ్యి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చారు. మరుసటేడాదే క్యాన్సర్‌తో పోయారు. ఇప్పటి పిల్లలు తవోరా గోల్‌ని ఫోన్‌లో ఎన్నిసార్లైనా చూసుకుంటారు. పోలీస్ టీమ్ ఆట గురించి మీ నాన్నగారు మీకు చెప్పింది మీతోనే ఉండిపోతుంది, కాబట్టి ఏ ఆటగాడు ఎలా తన్నేవాడని చెప్పారో గుర్తున్నంత వరకు రాసి పంపండి. వేస్తాం.

నమస్తే అండి, మాది ఆత్మకూరు. మా ఆయన మాంచెస్టర్ యునైటెడ్ ఫ్యాన్. ఆదివారం చేపల పులుసు పెట్టి పిలిస్తే రారు. యూట్యూబ్‌లో 1999 నాటి ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ పెట్టుకుని గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంటారు. గెలిచారని తెలుసు కదా, మళ్లీ టెన్షన్ ఎందుకు? ఆ చివరి రెండు గోల్స్ చూసుకుని లేచి రావచ్చు కదా?

న్యాయంగా అడిగారమ్మా, కానీ ఈ విషయంలో నేను మీ ఆయన వైపే. బార్సిలోనాలో ఆ రాత్రి జర్మనీ జట్టు బయెర్న్ ఆరో నిమిషంలోనే గోల్ కొట్టేసింది. రాయ్ కీన్, స్కోల్స్ ఇద్దరూ సస్పెన్షన్‌లో ఉండి యునైటెడ్ చాలా అధ్వానంగా ఆడింది. తొంభై నిమిషాలు అయిపోయాక ఇంజురీ టైమ్‌లో (ఆగిన ఆటకి కలిపిచ్చే నిమిషాల్లో) షెరింగ్‌హామ్ ఒకటి, సోల్షార్ ఒకటి. ఆ తొంభై నిమిషాల చెత్త ఆట చూడకుండా చివరివి మాత్రం చూస్తే ఆ రుచి రాదు, ఆయనకి ఆ సంగతి తెలుసు. అప్పట్లో ఇండియాలో అర్ధరాత్రి దాటాక వచ్చిన మ్యాచ్ అది, బహుశా ఎనభయ్యో నిమిషంలో విసుగొచ్చి పడుకున్న వాళ్లలో ఆయనా ఒకరేమో, ఓసారి నిలదీసి చూడండి. పులుసు ఎలాగూ మర్నాటికి ఇంకా బాగుంటుంది. కాకపోతే వేడి చేసుకుని వడ్డించుకునే పని ఆయన్నే చూసుకోమనండి.