డౌన్‌పైప్ మార్చాక టిక్ టిక్ శబ్దం, చెక్ ఇంజిన్ లైట్

అన్నా, స్కోడా ఆక్టావియా 1.8 టీఎస్ఐ కారుకి క్యాట్ (పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్) లేని డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగను వెనక్కి తీసుకెళ్లే పైపు) వేయించాక పొద్దున్నే స్టార్ట్ చేస్తే టిక్ టిక్‌మంటోందనీ, పీ0420 కోడ్‌తో లైట్ వెలిగిందనీ రాశారు. ఇవి రెండూ వేరు వేరు జబ్బులు. ముందు శబ్దం సంగతి చూడండి, ఎందుకంటే లీకు ఉంటే బయటి గాలి లోపలికి చేరి పొగలో ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్ లెక్క కూడా తప్పొచ్చు.

ఇంజిన్ వేడెక్కాక శబ్దం తగ్గుతోందంటే టర్బో దగ్గర డౌన్‌పైప్‌ను పట్టి ఉంచే పట్టీ, అంటే వీ-బ్యాండ్ క్లాంప్ మీదే నా అనుమానం. అక్కడ మసి మరక ఉందేమో టార్చ్ వేసి చూడండి. కొందరు మెకానిక్‌లు క్లాంప్ పూర్తిగా బిగించేసి, ఆ తర్వాత వెనక పైపును లాగి కలుపుతారు. దాంతో ఫ్లాంజ్ (పైపు చివర అతుక్కునే అంచు) వంకరగా కూర్చుంటుంది. బండి పూర్తిగా చల్లారాక వెనక జాయింటు, బ్రాకెట్ బోల్టులు వదులు చేయించండి. కొత్త గాస్కెట్ వేసి, పైపును చేత్తో ఎత్తిపట్టి ఫ్లాంజ్ సమంగా కూర్చున్నాక, క్లాంప్‌ను చుట్టూ మెల్లగా తడుతూ బిగించాలి. మిగతా బోల్టులన్నీ ఆ తర్వాతే. పాత క్లాంప్ సాగి ఉంటే మొహమాటం లేకుండా మార్చేయండి.

ఇక పీ0420. క్యాట్ సరిగ్గా పనిచేయట్లేదని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) చెబుతోంది. అసలు క్యాటే లేదు కదా, పాపం అది చెప్పింది నిజమే! వెనక ఆక్సిజన్ సెన్సర్ కొత్తది కొంటే డబ్బు దండగ. సెన్సర్‌ను పొగకు కాస్త దూరంగా జరిపే స్పేసర్ పెడితే లైట్ ఆరుతుందేమో గానీ పొగ, వాసన తగ్గవు, చట్టం కూడా ఒప్పుకోదు. రోడ్డు మీద తిరిగే బండికి కంపెనీ డౌన్‌పైప్ మళ్లీ బిగించుకోండి. పాతది షాపులోనే వదిలేశారా? అయితే ఇవాళే ఫోన్ చేసి అడగండి.