టెక్ సందేహాలు: గోడ మూసేలోపు ఏ వైరు లాగాలి?

ప్రశ్న: కర్నూలులో ఇల్లు కడుతున్నాం. కింద మూడు గదులు, మిద్దె మీద రెండు. ప్రస్తుతం గోడలకు గాడి కొడుతున్నారు. గదులకు ఇంటర్నెట్ వైరు లాగించాలి. ఎలక్ట్రీషియన్ క్యాట్-5ఈ రకం చాలంటున్నాడు, అంగట్లో క్యాట్-7 తీసుకోమంటున్నారు. ల్యాండ్‌లైన్‌కు వేరే వైరు లాగాలా?

జవాబు: క్యాట్-6 వేయండి. షీల్డ్ (తీగల చుట్టూ రేకు తొడుగు) లేనిది, లోపల పూర్తి రాగి ఉన్నది. మీ ఎలక్ట్రీషియన్ చెప్పింది తప్పేమీ కాదు. క్యాట్-5ఈ కూడా 100 మీటర్ల వరకు సెకనుకు 1 గిగాబిట్ (1,000 ఎంబీపీఎస్) మోస్తుంది, 2.5 గిగాబిట్ కూడా నడుస్తుంది. అయితే గోడలో పూడ్చేది మళ్లీ తీయలేం. క్యాట్-6 అయితే దాదాపు 55 మీటర్ల వరకు 10 గిగాబిట్ అందుకుంటుంది. ఇంట్లో ఏ గదికీ అంత దూరం ఉండదు. క్యాట్-7 మాత్రం వద్దు. ఇంటర్నెట్ వైరు కొసకు మనం వాడే ఆర్‌జే-45 ప్లగ్గును దృష్టిలో పెట్టుకుని చేసిన ప్రమాణం కాదది. పైగా దాని రేకు తొడుగును సరిగ్గా ఎర్త్ చేయకపోతే ఆ ఖర్చంతా దండగ.

క్యాట్ నంబరు కంటే ముందు చూడాల్సింది లోపలి లోహం. చవకగా దొరికే పెట్టెల్లో చాలావాటిలో అల్యూమినియం తీగ మీద రాగి పూత ఉంటుంది. దాన్నే సీసీఏ అంటారు. కొనేముందు ఒక తీగ మీది ప్లాస్టిక్ ఒలిచి బ్లేడుతో గీకండి. లోపలి దాకా ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా మెరిస్తే అల్యూమినియం. అయస్కాంతానికి అంటుకుంటే లోపల ఇనుము ఉన్నట్టు. మల్టీమీటరు ఉన్నవాళ్లకు ఇంకో లెక్క: 100 మీటర్ల పొడవుకు ఒక్కో తీగ 9.38 ఓమ్‌లు దాటకూడదన్నది ప్రమాణం. సీసీఏకి రాగి కంటే దాదాపు ఒకటిన్నర రెట్ల నిరోధం. ఇంటర్నెట్ మొదట్లో బాగానే వస్తుంది. కానీ అదే వైరు మీద సీసీ కెమెరాకో, సీలింగ్ వైఫై డబ్బాకో కరెంటు కూడా పంపితే దారిలో వోల్టేజీ పడిపోతుంది, వైరు వేడెక్కుతుంది, జాక్ (గోడ మీద ప్లగ్గు దూర్చే చోటు) దగ్గర తీగ పుటుక్కుమంటుంది.

ఇక ఎంత కావాలి? హాల్లో టీవీ వెనుక రెండు, చదువుకునే గదిలో రెండు, మిద్దె మీది రెండు గదులకు ఒక్కోటి, సీలింగ్ వైఫైకి అంతస్తుకొకటి, కెమెరాలకు నాలుగు. మొత్తం 12. ఒక్కోటి సగటున 18 మీటర్లనుకుంటే 216 మీటర్లు. 305 మీటర్ల పెట్టె ఒకటి కొంటే సరిపోతుంది, చేతిలో కొంత మిగులుతుంది కూడా. గదిలో గోడ బాక్సు దగ్గర జానెడు, రూటరు వైపు రెండు మీటర్లు వదలండి. రూటరు పెట్టే చోటు నుంచి ప్రతి వైరూ నేరుగా ఆ గదికే పోవాలి. ఒక గది నుంచి ఇంకో గదికి అతుకులేసుకుంటూ పోవద్దు.

పైపు 25 మిల్లీమీటర్లది తీసుకోండి, అందులో నాలుగు వైర్లకు మించి తోయొద్దు. మూలల్లో ఎల్బో కాకుండా పొడుగు బెండ్ వేయించండి. రెండు బెండ్లు దాటితే మధ్యలో ఒక బాక్సు పెట్టించాలి. లాగేటప్పుడు పదకొండు కిలోల బరువు వేలాడదీసినంత బలం దాటితే లోపల జంటలుగా మెలేసిన తీగల మెలి సాగిపోతుంది. బయటికి ఏమీ కనిపించదు, వేగం మాత్రం పోతుంది. కరెంటు వైర్లున్న పైపులో దీన్ని వేయనే వేయొద్దు. పక్కపక్కనే పోవాల్సి వస్తే 20 సెంటీమీటర్ల ఎడం ఉంచండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. పని అయ్యాక ప్రతి పైపులో ఒక నైలాన్ తాడు వదిలేయండి. పదేళ్ల తర్వాత వైరు మార్చాల్సి వస్తే ఆ తాడే అక్కరకొస్తుంది.

ఫోనుకు వేరే వైరు అక్కర్లేదు. క్యాట్-6లోని నాలుగు జంటల్లో ఫోనుకు కావాల్సింది ఒక్క జంటే. ఆర్‌జే-45 జాక్‌లో మధ్యనున్న 4, 5 పిన్నులు నీలం జంటవి. ఫోను చిన్న ప్లగ్గు మధ్య తీగలు సరిగ్గా అక్కడే తగులుతాయి. కాబట్టి రూటరు వైపు కొసను ఫోను లైనుకు తగిలిస్తే ఆ గది పాయింటు ఫోను పాయింటు అవుతుంది. జాగ్రత్త రెండు విషయాల్లో. చిన్న ప్లగ్గు అంచు తగిలి జాక్ చివరి పిన్నులు వంగే వీలుంది, అందుకే ఫోనుకు ఒక పాయింటు ఖాయం చేసి దాని మీద స్టిక్కరు అంటించండి. రెండోది, రాగి లైనులో మామూలుగా 48 వోల్టులుంటాయి, గంట మోగేటప్పుడు అంతకు మించిన ఏసీ కరెంటు వస్తుంది. పొరపాటున ఆ పాయింటుకు ల్యాప్‌టాప్ తగిలించొద్దు.

ప్రశ్న: అనంతపురంలో మాది 300 ఎంబీపీఎస్ ప్లాన్. రూటరు పక్కన వైఫైలో 280 దాకా వస్తుంది. మిద్దె మీద గదిలో వైరు పెట్టిన కంప్యూటరుకు 94 దాటదు. వైరు కొత్తదే.

జవాబు: ఆ 94 అనే అంకెలోనే జవాబుంది. 100 ఎంబీపీఎస్ లింకు మీద డేటాతో పాటు పోయే అదనపు సమాచారం పోను చేతికొచ్చేది అంతే. అంటే వైరు గిగాబిట్‌కు ఎక్కడం లేదు. విండోస్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఈథర్నెట్ వరుసగా తెరిస్తే లింక్ స్పీడ్ 100/100 అని కనిపిస్తుంది. 100కు 1, 2, 3, 6 పిన్నులు చాలు, గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ కావాలి. ఎక్కడో ఒక తీగ తగల్లేదన్నమాట. లేదా ఎవరో నీలం జంటను ఫోనుకు లాగేసుకున్నారు.

ముందు రూటరు పోర్టును అనుమానించండి. కొన్ని ఫైబర్ బాక్సుల్లో ఒక పోర్టే గిగాబిట్, మిగతావి 100. పోర్టు మార్చినా అంతే ఉంటే రెండు కొసల ప్లగ్గుల్నీ వెలుతురులో పట్టుకుని చూడండి. ఎనిమిది తీగల కొసలూ ప్లగ్గు ముందు గోడకు ఆనాలి. ఒక్కటి వెనక పడ్డా ప్లగ్గు కోసేసి మళ్లీ క్రింప్ చేయాలి (పనిముట్టుతో నొక్కి కొత్త ప్లగ్గు బిగించాలి). రంగుల వరుస, ప్లగ్గు నాలుక కిందికి పెట్టి ఎడమ నుంచి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. మెలి విప్పింది 13 మిల్లీమీటర్లు మించొద్దు.

వైరు రెండు కొసలకూ తగిలించి చూసే కేబుల్ టెస్టరులో ఎనిమిది లైట్లూ వరుసగా వెలిగాయని వైరును నమ్మేయకండి. ఆకుపచ్చ జంట మధ్యలో నీలం జంట ఎందుకు దూరిందో తెలియక, కొందరు రంగుల్ని జంటలు జంటలుగానే పేర్చేస్తారు. రెండు కొసలా అలాగే పేరిస్తే టెస్టరు పాస్ అంటుంది. కానీ 3, 6 పిన్నుల మీద రెండు వేర్వేరు జంటల తీగలు కూర్చుంటాయి. మెలి ఇచ్చే రక్షణ పోయి వేగం పడిపోతుంది, లింకు తెగి తెగి వస్తుంది.

అన్నట్టు, స్మార్ట్ టీవీకి 94 వస్తే వైరును తిట్టకండి. ఖరీదైన టీవీల్లో కూడా చాలావాటికి 100 పోర్టే ఇస్తున్నారు.

ప్రశ్న: ప్రొద్దుటూరులో మా పాత ఇంట్లో మూడు గదుల్లో టెలిఫోన్ పాయింట్లున్నాయి. ఇప్పుడు ఫైబర్ తీసుకున్నాం. ఆ పాయింట్లు పనికొస్తాయా? వాటి మీదే ఇంటర్నెట్ పంపొచ్చా?

జవాబు: ఫోనుకు పనికొస్తాయి, ఇంటర్నెట్‌కు కాదు. వీధిలోంచి పాత రాగి లైను ఇంట్లోకి వచ్చే రోజెట్ బాక్సు తెరిచి, బయటి నుంచి వచ్చే రెండు తీగల్నీ విప్పి విడివిడిగా టేపు చుట్టండి. ఇది మరిచిపోతే బయటి లైనులోని కరెంటు మీ కొత్త బాక్సులోకి పోతుంది. తర్వాత ఫైబర్ బాక్సు మీద ఫోను గుర్తున్న చిన్న పోర్టు నుంచి దగ్గరి పాయింటుకు రెండు ప్లగ్గుల ఫోను కార్డు తగిలిస్తే మూడు గదుల్లోనూ డయల్ టోన్ వస్తుంది. ఒకటి రెండు ఫోన్లకు ఇబ్బంది లేదు. గంట కొట్టే పాత ఫోన్లు ఎక్కువ తగిలిస్తే వాటిని మోగించే సత్తా ఆ పోర్టుకు చాలదు.

పాత లైనుకు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది. ఇప్పుడు ఇంట్లో కరెంటు పోతే ఫోనూ పోతుంది. బాక్సు అడాప్టరు మీద వోల్టేజీ, ఆంపియర్లు చూసి దానికి సరిపోయే చిన్న రూటర్ యూపీఎస్ పెట్టుకోండి.

ప్రశ్న: కడపలో మాది నాపరాతి గోడల ఇల్లు, గాడి కొట్టలేం. ఆన్‌లైన్‌లో దొరికే పల్చటి క్యాట్-8 వైరు తలుపు సందులోంచి వేయొచ్చా?

జవాబు: ఆ పల్చటి వైర్లలో తీగలు మరీ సన్నం, తలుపు పడ్డప్పుడల్లా నలుగుతాయి. చూరు కింద గోడ బయటి నుంచి నల్ల తొడుగున్న అవుట్‌డోర్ క్యాట్-6 తిప్పండి. ఇంట్లో వాడే తెల్లటి వైరు మన ఎండలకు బయట పగుళ్లు తేలుతుంది. రంధ్రం బయటివైపు కిందికి వాలేలా వేయించండి. వైరు లోపలికి దూరే ముందు కిందికి ఒక వంపు వదిలితే వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.