అత్తగారి కంచం గురించి సుజాతకు రాసిన ఉత్తరం

చి. సౌ. సుజాతకు,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ అత్తగారు ఏడాదిలో 52 కిలోల నుంచి 47 కిలోలకు తగ్గిపోయారనీ, మెట్లెక్కుతూ మధ్యలో ఆగిపోతున్నారనీ, పచ్చడి సీసా మూత కూడా తిప్పలేకపోతున్నారనీ రాశావు. డెబ్బై ఆరేళ్ళ మనిషి ఇంతకన్నా ఏం తింటారని ఇంట్లో అందరూ సరిపెట్టుకుంటున్నారని కూడా రాశావు. ఆ సరిపెట్టుకోవడమే నాకు బాధ కలిగించింది. ఆసుపత్రిలో డైటీషియన్‌గా పనిచేసినన్నాళ్ళూ వార్డుల్లో ఇలాంటి పెద్దవాళ్ళను ఎందరినో చూశాను. వచ్చిన జబ్బు చిన్నదే అయినా, దాన్ని తట్టుకునే కండ ఒంట్లో లేక మంచం దిగలేకపోయేవారు.

ఒంట్లో పట్టు ఇలా సడలిపోవడాన్ని వైద్యులు ఫ్రెయిల్టీ అంటారు. 2001లో అమెరికాలో లిండా ఫ్రీడ్ అనే వైద్యురాలూ ఆమె బృందమూ దీన్ని పోల్చుకోవడానికి ఐదు గుర్తులు చెప్పారు. ప్రయత్నం లేకుండానే ఏడాదిలో నాలుగున్నర కిలోలకు పైగా బరువు తగ్గడం, ఏ పని చేయబోయినా అలసట, చేతి పట్టు తగ్గడం, నడక నెమ్మదించడం, తిరుగుడు తగ్గిపోవడం. వీటిలో మూడు కనిపిస్తే ఫ్రెయిల్టీ వచ్చినట్టే లెక్క. ఒకటో రెండో ఉంటే దాని ముంగిట ఉన్నట్టు. నీ ఉత్తరంలోనే నాకు మూడు కనిపించాయి. అయితే ఇది వయసుతో పాటు వచ్చి తీరేదీ కాదు, వచ్చాక పోనిదీ కాదు. తిండినీ కదలికనూ సరిదిద్దితే చాలామంది ఎంతో కొంత కోలుకుంటారు.

అన్నిటికంటే ముందు ఆవిడను వైద్యుడికి చూపించు. కారణం తెలియకుండా ఐదు కిలోలు తగ్గిన మనిషికి క్షయ, థైరాయిడ్, కేన్సర్, మనసులోని దిగులు, ఇవేవీ కావని తేలాలి. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష కూడా చేయించు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి నేను కింద రాయబోయే కొలతలు వర్తించవు.

ఇక ఆవిడ కంచం సంగతి. నువ్వు రాసిన ప్రకారం పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం గుప్పెడన్నంలో పలచటి పప్పుచారు, నీళ్ళ మజ్జిగ, సాయంత్రం కాఫీలో రెండు రస్కులు, రాత్రికి ఒక అరటిపండు, అరగ్లాసు పాలు. చూసేవాళ్ళకు ఇది ఎంతో పథ్యంగా, తేలిగ్గా కనిపిస్తుంది. కానీ మాంసకృత్తుల (ప్రొటీన్ల) లెక్క వేస్తే రోజు మొత్తానికి పాతిక గ్రాములు దాటదు. భారత వైద్య పరిశోధన మండలి, మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో పెద్దలకు నిర్ణయించిన పరిమాణం, కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. వయసు పైబడ్డాక కండరాలకు తిన్నదాన్ని వినియోగించుకునే చురుకు తగ్గుతుంది. పాతికేళ్ళ మనిషి కండకు సరిపోయే పప్పు డెబ్బై ఏళ్ళ మనిషి కండకు చాలదు. అందుకే 2013లో యూరప్ వృద్ధవైద్య సంఘం చొరవతో కూడిన నిపుణులు, అరవై అయిదు దాటినవారికి కిలోకు 1 నుంచి 1.2 గ్రాముల దాకా ఉండాలని చెప్పారు. అంటే మీ అత్తగారికి రోజుకు యాభై గ్రాములు కావాలి. ఇప్పుడు అందుతున్నది అందులో సగం. ఆ లోటును శరీరం తొడల నుంచీ పిక్కల నుంచీ కరిగించి తీర్చుకుంటుంది. కండ కరిగాక వంటింట్లో నిలబడే ఓపిక పోతుంది, ఓపిక లేనివారు వండుకోవడం మానేసి రస్కులతో సరిపెట్టుకుంటారు, దాంతో ఇంకా కరుగుతుంది.

కాబట్టి వయసు మీద పడ్డాక తిండి తగ్గించాలన్న మన ఇళ్ళలోని మాటను నువ్వు పక్కన పెట్టు. పెద్దవాళ్ళకు అన్నం కొంత తగ్గితే తగ్గవచ్చు. పప్పు, పెరుగు, గుడ్డు, చేప మాత్రం తగ్గకూడదు. పొద్దున పెసరట్టు వేయి. నలభై గ్రాముల పెసలు నానబెట్టి రుబ్బితే తొమ్మిది గ్రాముల దాకా మాంసకృత్తులు వస్తాయి. ఇడ్లీయే కావాలంటే పక్కన ఒక గ్లాసు పాలు ఉండాలి. మధ్యాహ్నం పప్పుచారుకు బదులు ముద్దపప్పు పెట్టు. అది కూడా మొదటి ముద్దలోనే, ఒక చెంచా నెయ్యి వేసి కలిపి పెట్టు. పెద్దవాళ్ళకు మొదటి నాలుగు ముద్దల్లోనే ఆకలి తీరిపోతుంది, చారుతో మొదలుపెడితే పప్పు దాకా రారు. చివర నీళ్ళ మజ్జిగ కాకుండా పెద్ద కప్పు గట్టి పెరుగు వేయి. సాయంత్రం రస్కులు మాన్పించి, మెత్తగా ఉడికిన శనగ గుగ్గిళ్ళో, పల్లీలు వేయించి కొట్టిన పొడో ఇవ్వు. రాత్రికి మెత్తటి పుల్కాలు రెండు, రెండు గుడ్లు పెడితే ఆ రోజు లెక్క యాభైకి చేరుతుంది. గుడ్డు ముట్టని శనివారం నాడు శనగపిండి అట్టు, పాలు ఉండనే ఉన్నాయి. ఒకేసారి అంతా పెంచవద్దు, కడుపు తట్టుకోదు. వారానికొక పూట సరిచేస్తూ వెళ్ళు. అన్నం, నూనె, నెయ్యి మరీ తగ్గించినా చిక్కే, ఒంటికి ఇంధనం చాలక తిన్న మాంసకృత్తులే ఖర్చయిపోతాయి. బజారులో అమ్మే డబ్బా పొడుల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. చాలావాటిలో చక్కెర ఎక్కువ. వైద్యుడు ప్రత్యేకంగా రాసిస్తే తప్ప కొనవద్దు.

మామగారు పోయినప్పటి నుంచి ఆవిడ రాత్రి అన్నం మానేశారని రాశావు. మన ఇళ్ళలో ఎందరో పెద్దావిడలు ఇలాగే ఒంటిపూట భోజనంలో పడి, ఎవరి కంటా పడకుండా చిక్కిపోతారు. ఆ నియమంతో వాదన పెట్టుకోవద్దు తల్లీ, అది ఆవిడ దుఃఖంతో ముడిపడి ఉన్నది. వదిలింది అన్నమే కాబట్టి అన్నం కాకుండా ఏం తినవచ్చో ఆవిడనే అడుగు. అట్లు, పాలు, పెరుగు, గుడ్లు, పల్లీలు, వీటిలో దేనికీ అభ్యంతరం ఉండకపోవచ్చు. ఏకాదశి ఉపవాసం విషయంలో మాత్రం వైద్యుడి చేత సూటిగా చెప్పించు. ఆవిడలా షుగర్ మాత్రలు వేసుకునే మనిషి కడుపు మాడ్చుకుంటే రక్తంలో చక్కెర పడిపోయి, కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. తిండి ఇంతగా తగ్గినా పాత మోతాదులోనే మాత్రలు వాడుతున్నారేమో కూడా కనుక్కో. షుగర్ ఉందన్న భయంతో పండ్లు, పాలు, పప్పు, అన్నీ ఒక్కొక్కటిగా మాన్పించిన ఇళ్ళు నేను చూశాను. ఆ వయసులో అంత కఠినమైన పథ్యం షుగర్ కన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది. మెట్ఫార్మిన్ అనే షుగర్ మాత్ర చాలా ఏళ్ళుగా వాడుతున్నవారికి బి12 విటమిన్ తగ్గే అవకాశం ఉంది కనుక, రక్తం ఇచ్చేటప్పుడే ఆ పరీక్ష కూడా చేయించు.

నోరు కూడా చూడు. కదిలే పన్ను, ఒరుసుకునే కట్టుడు పళ్ళు ఉన్న మనిషి నొప్పి అని చెప్పరు, ఆకలి లేదని చెబుతారు. బీపీ కోసం ఉప్పు తగ్గించి వండితే కూర చప్పబడుతుంది. నిమ్మరసం, అల్లం, కరివేపాకు, కొత్తిమీర ధారాళంగా వాడితే ఉప్పు లేని లోటు చాలావరకు తెలియదు. రాత్రి లేవాల్సి వస్తుందని నీళ్ళు మానేయడం పెద్దవాళ్ళందరికీ ఉన్న అలవాటే. తాగాల్సిన నీళ్ళలో ఎక్కువ భాగం సాయంత్రం లోపే ఇచ్చేయి. నీళ్ళు తాగేటప్పుడు తరచూ పొలమారుతుంటే మాత్రం అది మింగడంలో ఇబ్బంది కావచ్చు, వైద్యుడికి చెప్పాలి.

ఎంత మంచి తిండి పెట్టినా కూర్చున్న మనిషికి కండ పట్టదు. 1994లో బోస్టన్ నగరంలో మరియా ఫియాటరోన్ బృందం, ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో సగటున ఎనభై ఏడేళ్ళున్న వంద మందిని తీసుకుని, కొందరి చేత పది వారాల పాటు బరువులతో కాళ్ళ వ్యాయామం చేయించింది, కొందరికి పోషక పానీయం మాత్రమే ఇచ్చింది. వ్యాయామం చేసినవారి కండబలం రెట్టింపు దాటింది. పానీయం మాత్రమే తాగినవారిలో బలం చెప్పుకోదగ్గంత పెరగలేదు. మీ ఇంట్లో బరువులు అక్కరలేదు. కదలని కుర్చీని గోడకు ఆనించి వేసి, చేతులు ఛాతీ మీద కట్టుకుని లేచి కూర్చోమను. నువ్వు ఎదురుగా నిలబడు. మొదట్లో చేతులు ఆనించినా ఫరవాలేదు. పొద్దునా సాయంత్రమూ చేయించి, ఆ తరువాత పెసరట్టు కానీ గుగ్గిళ్ళు కానీ పెట్టు.

ఇంకొకటి. నువ్వు స్కూలుకు వెళ్ళాక ఆవిడ మధ్యాహ్నం ఒక్కరే తింటారు. ఎదురుగా మనిషి లేకపోతే పెద్దవాళ్ళు వడ్డించుకోరు, ఉన్నది సర్దుకుని లేచిపోతారు. పక్కింటి ఆవిడనో, వీధి చివర ఉన్న వాళ్ళ చెల్లెలినో వారంలో కొన్ని రోజులైనా భోజనానికి పిలవమను. అమెరికాలో ఉన్న మీ మరిదిని మన మధ్యాహ్నం వేళకు వీడియో కాల్ చేయమను. అప్పుడు వాళ్ళకు అర్ధరాత్రి దాటుతుంది కనుక, సెలవు రోజుల్లో చేసినా చాలు.

నెలకొకసారి, ఒకే తూకం మీద, పొద్దున పరగడుపున బరువు చూసి రాసిపెట్టు. కుట్టు టేపుతో పిక్క లావుగా ఉన్నచోట చుట్టుకొలత కూడా తీయి. మన ఆసియా ఆడవారిలో అది 33 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే కండ తగ్గిందని అనుమానించాలి. కుర్చీలో నుంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాయి, పన్నెండు సెకన్లు గానీ అంతకు మించి గానీ పడితే కాళ్ళలో బలం చాలనట్టు. ఈ మూడు అంకెలూ, క్రియాటినిన్ ఫలితమూ చేతికి రాగానే నాకు ఫోటో తీసి పంపు. మూత్రపిండాలు బాగున్నాయని తేలితే, రెండో వారం నుంచి రాత్రి పూట ఏం పెంచాలో అప్పుడు రాస్తాను.

ఇట్లు,
పెద్దమ్మ