ఎల్‌సీడీ అంకెకు బ్యాటరీ నేరుగా ఇస్తే ఎందుకు మసకబారుతోంది?

మీరు అడిగింది ఇదీ: పాడైన తేమ మీటరులోంచి తీసిన మూడంకెల ఎల్‌సీడీ గాజుకు కామన్‌ను (సెగ్మెంట్లకు ఉమ్మడిగా ఉండే పిన్నును) గ్రౌండుకు కలిపి, ఒక సెగ్మెంటుకు (అంకెలోని ఒక గీతకు) 5 వోల్టులు ఇచ్చారు. ముందు నల్లగా కనిపించి కాసేపటికి మసకబారింది. పక్క సెగ్మెంట్లు కూడా లీలగా కనిపిస్తున్నాయి.

ముందు ఆ తీగలు ఊడదీయండి, మిగతాది తర్వాత చదవవచ్చు. డీసీ మీద, అంటే దిశ మారని వోల్టేజీ మీద ఉంచితే లోపలి ద్రవంలో విద్యుద్విశ్లేషణ జరిగి, గాజుకు పూసిన పారదర్శక ఎలక్ట్రోడు దెబ్బతింటుంది. అలా పోయిన సెగ్మెంటును ఎవరూ బాగుచేయలేరు. మిర్యాలగూడలో రైస్ మిల్లుల కాంటాలు, తేమ మీటర్లు బాగుచేయడం నా పని కాబట్టి ఇలా చచ్చిన గాజులు చాలానే చూశాను.

మీరు ఎల్‌ఈడీ లెక్కన ఆలోచిస్తున్నారు. ఎల్‌ఈడీలో కరెంటు పారాలి. ఎల్‌సీడీ సెగ్మెంటు అసలు వెలగదు. అది రెండు గాజు పలకల మధ్య ఉన్న చిన్న కెపాసిటరు. దానికి కావలసింది రెండు వైపులా వోల్టేజీలో తేడా, ఆ తేడా కూడా సెకనుకు చాలాసార్లు దిశ మార్చుకోవాలి. అందుకే కామన్‌కూ సెగ్మెంటుకూ రెండింటికీ చతురస్ర తరంగం ఇస్తారు, సాధారణంగా 30 నుంచి 100 హెర్ట్జ్ మధ్య. రెండూ కలిసి పైకీ కిందికీ వెళితే తేడా సున్నా, సెగ్మెంటు కనిపించదు. ఒకటి పైకి వెళ్లినప్పుడు రెండోది కిందికి వస్తే నల్లబడుతుంది.

చేతిలో ఆర్డుయినో (ప్రోగ్రాము చేయగల చిన్న బోర్డు) ఉంటే మూడు 74హెచ్‌సీ595 షిఫ్ట్ రిజిస్టర్లు (ఒక్కొక్కటిగా వచ్చిన బిట్లను 8 అవుట్‌పుట్లకు పంచే చిప్పులు) చాలు. వాటికి మొత్తం 24 అవుట్‌పుట్లు: 21 సెగ్మెంట్లకు, 2 చుక్కలకు, ఒకటి కామన్‌కు. చూపించాల్సిన సెగ్మెంటు బిట్టు కామన్ బిట్టుకు వ్యతిరేకంగా, మిగిలినవన్నీ కామన్‌తో సమానంగా పెట్టండి. ఇక ప్రతి 10 మిల్లీసెకన్లకు మొత్తం 24 బిట్లనూ తిరగేసి పంపుతూ ఉండండి, 50 హెర్ట్జ్ వచ్చేస్తుంది. లాచ్ (పంపిన బిట్లను అవుట్‌పుట్లకు చేర్చే సంకేతం) ఇవ్వగానే అన్నీ ఒకేసారి మారతాయి కాబట్టి డీసీ పేరుకుపోదు. ప్రోగ్రాము మధ్యలో ఆగిపోతే మాత్రం మళ్లీ డీసీయే, అలా ఆగితే బోర్డును తిరిగి మొదలుపెట్టే వాచ్‌డాగ్ పెట్టుకోండి. వాడని పిన్నులను గాలిలో వదలకండి, వాటినీ కామన్‌తో పాటే నడపాలి. మీ పక్క సెగ్మెంట్లు లీలగా కనిపించడానికి చాలావరకు ఇదే కారణమై ఉంటుంది.

ఇదంతా కామన్ ఒక్కటే ఉన్న గాజుకు. మీ గాజుకు ఎన్ని పిన్నులో మీరు చెప్పలేదు. మూడంకెలకు పాతిక దాకా ఉంటే ఇదే పద్ధతి. పది, పన్నెండే ఉంటే నాలుగు కామన్లు ఉన్నట్టు, అప్పుడు మధ్యస్థ వోల్టేజీలు కూడా కావాలి. ఆ తలనొప్పి సొంతంగా పెట్టుకోకుండా హెచ్‌టీ1621 చిప్పు వాడండి. మూడు తీగలతో మాట్లాడుతుంది, 32 సెగ్మెంటు పిన్నులు, 4 కామన్ల దాకా నడుపుతుంది.

నాలుగు కామన్ల గాజుకు మన ఎండ ఒక పరీక్ష. 3 వోల్టులతో, మూడో వంతు బయాస్‌తో (మధ్యస్థ వోల్టేజీలు మూడో వంతు మెట్లుగా) నడిపితే కనిపించే సెగ్మెంటుకు దాదాపు 1.73 వోల్టులు, కనిపించకూడని దానికి కూడా 1 వోల్టు అందుతుంది. వేడెక్కేకొద్దీ ద్రవం తక్కువ వోల్టేజీకే స్పందిస్తుంది. యాసంగి కొనుగోళ్ల సమయంలో, నల్లగొండ ఎండకు కల్లంలో పెట్టిన మీటరు మీద అంకెలన్నీ 8 లాగా కనిపించేది అందుకే. హెచ్‌టీ1621 వీఎల్‌సీడీ పిన్ను (గాజుకు వెళ్లే వోల్టేజీని నిర్ణయించేది) దగ్గర ఒక ప్రీసెట్ (తిప్పి సర్దే చిన్న రెసిస్టరు) పెట్టి, మధ్యాహ్నం ఎండలోనే సర్దుకోండి. ఏసీ గదిలో సర్దినది బయట పనికిరాదు.

ఇంకొకటి. సెగ్మెంటు అసలే రాకపోతే వెంటనే ప్రోగ్రామును అనుమానించకండి. గాజుకూ బోర్డుకూ మధ్య ఉండే జీబ్రా స్ట్రిప్‌లో (రెండింటినీ కలిపే చారల రబ్బరు పట్టీలో) వడ్ల దుమ్ము చేరితే ఒక్కొక్క సెగ్మెంటే మాయమవుతుంది. 7 పైగీత పోతే 1 అవుతుంది. ధాన్యం తేమ పరిమితి 17 శాతం కాస్తా 11గా కనిపిస్తే మిల్లు దగ్గర ఎంత రచ్చో ఊహించుకోండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గాజు అంచునూ స్ట్రిప్‌నూ తుడిచి, పూర్తిగా ఆరాక బిగించండి. తుడిచిన అంచును మళ్లీ వేళ్లతో తాకకండి.